హైదరాబాద్ టీమ్ తో మా షాప్ యాప్ చేయించుకున్నాం, రివ్యూ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి

డాలస్ పక్కన ఇర్వింగ్ లో మాకు ఇండియన్ గ్రోసరీ ఉంది, దాని వెనకే కేటరింగ్ కిచెన్. ఇన్నాళ్ళూ ఆర్డర్లన్నీ వాట్సాప్ లోనూ ఫోన్ లోనూ తీసుకునేవాళ్ళం. పండగ సీజన్ వస్తే ఆ మెసేజ్ లు చదువుకోలేక, ఎవరికి ఏం చెప్పామో గుర్తుండక నానా అవస్థ. అందుకని ఒక ఆర్డర్ యాప్ చేయిద్దాం అనుకున్నాం, ఇక్కడి ఏజెన్సీల కొటేషన్లు మా బడ్జెట్ కి అందలేదు, చివరికి మాదాపూర్ లో ఒక చిన్న కంపెనీకి ఇచ్చాం. యాప్ వచ్చింది, కస్టమర్లు వాడుతున్నారు, బాగుంది. ఇక్కడ బిజినెస్ లు నడుపుకునే మనవాళ్ళు చాలామంది ఎవరితో చేయించారు, ఎంతయింది అని అడుగుతున్నారు కాబట్టి ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పదల్చుకుంది కంపెనీ గురించి కన్నా అందులో ఒకే ఒక్క రోల్ గురించి, అదే ప్రాజెక్ట్ మేనేజర్ (పీఎం). అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, ఆ నాలుగులో మూడు ఆ పీఎం అమ్మాయివే.

కొటేషన్ దగ్గర్నించి చెప్తాను. వీళ్ళ కొటేషన్ లో డెవలపర్లకి ఇంత, డిజైన్ కి ఇంత, టెస్టింగ్ కి ఇంత అని రాసి కింద ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని విడిగా ఒక లైను పెట్టారు, మొత్తంలో దాదాపు ఏడో వంతు. ఇంకో కంపెనీ వాళ్ళు ఆ లైనే లేకుండా చవగ్గా ఇచ్చారు, మా టెక్ లీడే (టీమ్ లో సీనియర్ డెవలపర్) అన్నీ చూసుకుంటాడు మేడమ్, మీరేం టెన్షన్ పడకండి అన్నారు. మా ఆయన ఐటీలోనే ఉన్నారు, చాలా ఏళ్ళు ఆన్‌సైట్ కోఆర్డినేటర్ గా చేశారు. ఆయన రెండూ చూసి, కోడ్ రాసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, మనం నిద్రపోయే టైమ్ లో మన తరఫున అక్కడ కూర్చుని వాళ్ళని అడిగే మనిషి కావాలి, ఆ లైను ఉన్న కొటేషనే తీసుకో అన్నారు. తీసుకున్నాం.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1998 లో హైదరాబాద్ లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచిన రోజుల నించీ, వైటుకే (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న గొడవ) టైమ్ నించీ మన వాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఈ ఆఫ్‌షోర్ పనుల్లోనే ఉన్నారు. అప్పట్నించీ పెద్ద కంపెనీలది ఒకటే పద్ధతి, క్లయింట్ ఆఫీస్ లో ఒకళ్ళో ఇద్దరో మన మనుషులు కూర్చుంటారు, పగలంతా క్లయింట్ చెప్పింది విని రాత్రి ఇండియా టీమ్ కి అప్పజెప్తారు, పొద్దున్న లేచి వాళ్ళు చేసింది క్లయింట్ కి చూపిస్తారు. మా ఆయన చేసింది అదే. ఆ మధ్య మనిషి జీతం డాలర్లలో ఉంటుంది, బ్యాంకులు ఇన్సూరెన్స్ కంపెనీలు అయితే భరిస్తాయి. మాలాంటి షాపు వాళ్ళం ఎక్కడ భరిస్తాం? కాబట్టి ఆ పనంతా హైదరాబాద్ లో కూర్చున్న పీఎం ఒక్కరే చెయ్యాలి. చిన్న ప్రాజెక్ట్ కదా మేనేజర్ ఎందుకు అని చాలామంది అనుకుంటారు గానీ, నా లెక్కలో చిన్న ప్రాజెక్ట్ కే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే క్లయింట్ వైపు టెక్నికల్ గా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు.

మొదటి వారం అంతా ఆ అమ్మాయి కోడ్ మొదలుపెట్టనివ్వలేదు. ప్రశ్నలే ప్రశ్నలు. డిజైనర్ మొదటి స్క్రీన్లలో బిర్యానీ కిలోల్లో పెట్టాడు, హైదరాబాద్ లో అలాగే అమ్ముతారు కదా పాపం. ఇక్కడ కేటరింగ్ అంటే హాఫ్ ట్రే, ఫుల్ ట్రే. ఆ అమ్మాయి అది పట్టుకుని, అక్కా ఒక హాఫ్ ట్రే ఖాళీదీ నిండిందీ ఫోటో తీసి పంపించండి, ఎంతమందికి సరిపోతుందని కస్టమర్ కి చెప్తారో ఆ మాట అలాగే రాసి పంపండి అంది. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. తర్వాత టాక్స్ దగ్గరికొచ్చింది. టెక్సాస్ లో బియ్యం, పప్పు, కూరగాయలు, పచ్చడి జాడీ లాంటి వాటికి సేల్స్ టాక్స్ లేదు, వేడిగా వండి ఇచ్చే ఫుడ్ కి ఉంది, మా దగ్గర స్టేట్ దీ లోకల్ దీ కలిపి 8.25 శాతం. ఒకే ఆర్డర్ లో కందిపప్పు ప్యాకెట్టూ బిర్యానీ ట్రే రెండూ ఉంటే ఒకదానికే టాక్స్ పడాలి. డెవలపర్ బిల్లు మొత్తం మీద ఒకే రేటు వేసి పెట్టాడు. పీఎం ఆపేసి ఏమందంటే, టాక్స్ విషయంలో మేం ఊహించి రాయం అక్కా, మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏ చేత ఏ ఐటమ్ కి ఉందో ఏ ఐటమ్ కి లేదో లిస్టు రాయించి ఇవ్వండి, ఆ లిస్టు చూసి అన్ని రకాల బిల్లులూ టెస్ట్ చేసి మీకు చూపిస్తాం అని. నేను రెండు మూడు రోజులు సీపీఏ వెంటపడాల్సొచ్చింది, కానీ ఆ తర్వాత టాక్స్ గురించి ఒక్క ఫిర్యాదు రాలేదు.

డేట్ల సంగతి ఇంకోటి. ఇండియాలో 10/11 అంటే నవంబర్ 10, ఇక్కడ అక్టోబర్ 11. కేటరింగ్ ఆర్డర్ లో ఇది తేడా వస్తే ఎవరింట్లోనో గృహప్రవేశం భోజనాలు లేకుండా అయిపోతుంది. ఆ అమ్మాయి యాప్ మొత్తంలో నెల పేరు అక్షరాల్లోనే కనపడాలి అని రూల్ పెట్టేసింది. అలాగే రాత్రి 9 కి ఆర్డర్లు క్లోజ్ అవ్వాలంటే అది డాలస్ టైమా ఇండియా టైమా అన్నది కూడా ఆమె అడిగిందే, అప్పటికి సర్వర్ లో ఇండియా టైమే పెట్టి ఉంది. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ డెవలపర్ తప్పు కూడా కాదు ఇది, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పేలా చెయ్యడమే ఆ మనిషి పని.

టైమ్ తేడా గురించి ఎంత చెప్పినా తక్కువే. మీరు పడుకుంటే అక్కడ పని అవుతుంది, 24 గంటలూ పని నడుస్తుంది అని సేల్స్ వాళ్ళు చెప్తారు. నిజంగా జరిగేది వేరు. వేసవిలో డాలస్ కీ హైదరాబాద్ కీ పదిన్నర గంటలు తేడా, నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి జరిపాక పదకొండున్నర, ఇండియాలో ఆ మార్చడం లేదు కాబట్టి. అక్కడ పొద్దున్న 11 కి డెవలపర్ కి ఒక డౌట్ వస్తే మాకు అర్ధరాత్రి పన్నెండున్నర. నేను లేచి జవాబిచ్చేసరికి వాళ్ళు ఇంటికి వెళ్ళే టైమ్. అంటే ఒక్క చిన్న డౌట్ ఒక రోజు తినేస్తుంది, అలాంటివి అయిదొస్తే వారం పోయినట్టే. దీనికి ఆ అమ్మాయి పెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. రోజూ వాళ్ళ సాయంత్రం అన్ని డౌట్లూ ఒకే మెయిల్ లో, ప్రతి దానికీ స్క్రీన్‌షాట్, దాని కింద "మీ దగ్గర్నించి జవాబు రాకపోతే మేం ఇలా చేస్తాం, తర్వాత మార్చాలంటే ఇంత పని పడుతుంది" అని రాసి పంపేది. నేను కాఫీ తాగుతూ అవునూ కాదూ రాసేదాన్ని. దాంతో వాళ్ళ పని ఆగలేదు, నాకు కిచెన్ లో ఉండగా ఫోన్లు రాలేదు. వారానికి రెండు కాల్స్, మా పొద్దున్న ఏడున్నరకి, వాళ్ళకి సాయంత్రం ఆరు. నవంబర్ లో టైమ్ మారినప్పుడు వాళ్ళకి ఏడు అవుతుందని ముందే టీమ్ కి చెప్పి ఒప్పించి పెట్టింది.

సెలవులు కూడా ముందే చార్ట్ వేసి పంపింది. వాళ్ళకి వినాయక నిమజ్జనం రోజు ట్రాఫిక్ లో ఎవరూ ఆఫీస్ కి రాలేరు, దసరాకి టీమ్ లో సగం మంది ఊళ్ళకి వెళ్తారు, సంక్రాంతికి ఆంధ్రా వాళ్ళు అసలు దొరకరు. మాకేమో దీపావళి, థాంక్స్‌గివింగ్ అంటే ఊపిరాడదు. దీపావళికి ముందు యాప్ వదిలితే ఆర్డర్లు బాగా వస్తాయని నాకు ఆశ ఉండేది. వద్దక్కా, ఆ వారంలో ఏదైనా పాడైతే మీ బిజినెస్ పోతుంది, ముందు నెల వదులుదాం, కుదరకపోతే పండగ అయ్యాక వదులుదాం, మధ్యలో మాత్రం వద్దు అని గట్టిగా చెప్పింది. డబ్బులిచ్చే క్లయింట్ కి వద్దు అని చెప్పగలగడం చాలా తక్కువమందికి వస్తుంది, మన దగ్గర మరీ తక్కువ. ఓకే మేడమ్, అయిపోతుంది మేడమ్ అనే అలవాటు మనందరికీ ఎక్కువ కదా.

ఇక స్టేటస్ రిపోర్ట్ లు. మా ఆయన ముందే చెప్పారు, 90 శాతం అయిపోయింది అని ఎవరైనా అంటే నమ్మొద్దు అని. ఆయనకి బాగా గుర్తుండిపోయిన విషయం బోయింగ్ 787. రెక్కలు జపాన్ లో, బాడీ ముక్కలు ఇటలీలో, సౌత్ కరోలినాలో, ఇలా ప్రపంచమంతా సప్లయర్లకి ఇచ్చేసి చివర్లో సియాటిల్ దగ్గర కలుపుదాం అనుకున్నారు. 2007 జులై 8 న పెద్ద ఫంక్షన్ చేసి విమానం బయటికి తెచ్చి చూపించారు, చూడ్డానికి పూర్తయినట్టే ఉంది, లోపల చాలా పని మిగిలే ఉంది, చాలాచోట్ల తాత్కాలిక ఫాస్టెనర్లే (బోల్టుల్లాంటివి) బిగించి ఉన్నాయి. 2008 మేలో ఇవ్వాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబర్ లో ఇచ్చారు. మధ్యలో సౌత్ కరోలినా సప్లయర్ ఫ్యాక్టరీని బోయింగే కొనేసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే, పని బయటికి ఇచ్చినప్పుడు లోపల ఎంత అయిందో చూసే పట్టు లేకపోతే అలా అయింది. మా పీఎం పద్ధతిలో శాతాలే లేవు. నా ఫోన్ లో నేను నొక్కి చూడగలిగితే అయినట్టు, లేకపోతే కానట్టు, అంతే. రెండు వారాలకోసారి టెస్ట్ లింక్ వచ్చేది, మా క్యాషియర్ అమ్మాయి, నేనూ నొక్కి చూసేవాళ్ళం. ఒకసారి పేమెంట్ భాగం లేటవుతోందని గడువుకి పది రోజుల ముందే మెయిల్ పెట్టింది, ఎందుకు లేటయింది, ఏం వదిలేస్తే టైమ్ కి వస్తుంది అని రెండు దార్లు చూపించి. చెడ్డ వార్త ముందుగా చెప్పిన వాళ్ళని నేను ఎప్పుడూ గౌరవిస్తాను.

ఛేంజ్ రిక్వెస్ట్ ల (మధ్యలో కొత్తగా అడిగే మార్పులు) గురించి కూడా చెప్పాలి, చాలామందికి ఇది చేదుగా ఉంటుంది. మాది ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్. మధ్యలో నాకు లాయల్టీ పాయింట్లు కావాలనిపించింది. ఇదెంత పనక్కా ఒక రోజులో పెట్టేస్తాం అనలేదు, ఎన్ని రోజుల పని, ఎంత అదనం, యాప్ కస్టమర్ల చేతికి వచ్చే తేదీ ఎంత వెనక్కి పోతుంది అని ఒక పేజీ పంపి సంతకం పెడితేనే మొదలుపెడతాం అంది. ఆ పేజీ చూసి లాయల్టీ పాయింట్లు తర్వాతకి వాయిదా వేశాను. డబ్బు గుంజుతారు అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఏంటంటే, రాసివ్వకుండా ఫ్రీగా చేస్తాం అన్న పని ఎప్పుడూ ఫ్రీ కాదు, ఇంకెక్కడో టెస్టింగ్ తగ్గించి చేస్తారు. పెళ్ళిలో ఎంతమంది వంటవాళ్ళున్నా స్టోర్ రూమ్ తాళాలు ఒకళ్ళ దగ్గరే ఉండాలి, అడిగిన వాళ్ళకల్లా నెయ్యి డబ్బా ఇచ్చేస్తే రెండో బంతికి ఏమీ మిగలదు.

కాగితాల పని బోర్ గా ఉంటుంది కానీ దయచేసి ఇది చదవండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. కోడ్ మీద హక్కులు మీకు రాసిచ్చేటప్పుడు ఎన్నాళ్ళకి, ఏ దేశాలకి అన్నది కాంట్రాక్ట్ లో ఉండాలి. ఇండియా కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 19 ప్రకారం, కాలం రాయకపోతే అయిదేళ్ళు అనే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనుకుంటారు. టెక్సాస్ లో షాపు పెట్టుకున్న మాకు ఇండియా వరకే హక్కు ఏం చేసుకోవాలి? వీళ్ళ కాంట్రాక్ట్ లో శాశ్వతంగా, ప్రపంచమంతటా అని ముందే ఉంది, పీఎం ఆ క్లాజ్ చూపించి మీ లాయర్ తో ఒకసారి చదివించుకోండి అని తనే చెప్పింది. అకౌంట్లన్నీ కూడా మా పేరు మీదే తెరిపించింది. ఆపిల్ డెవలపర్ అకౌంట్ ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ ప్లే ఒక్కసారికి 25 డాలర్లు, కోడ్ దాచే గిట్‌హబ్, డొమైన్, క్లౌడ్ అన్నీ మావే, వాళ్ళకి లోపలికి వచ్చే పర్మిషన్ మాత్రమే. కంపెనీ పేరు మీద ఆపిల్ అకౌంట్ కావాలంటే డన్స్ నంబర్ (బిజినెస్ కి ఇచ్చే గుర్తింపు నంబర్) అడుగుతారు, అది వెంటనే చేతికి రాకపోవచ్చు, అందుకని ప్రాజెక్ట్ మొదట్లోనే అప్లై చేయించింది. చివర్లో గుర్తొచ్చి ఉంటే యాప్ రెడీ అయి కూడా స్టోర్ లో పెట్టలేక కూర్చునేవాళ్ళం. పేమెంట్ కి ముందు హైదరాబాద్ కంపెనీ దగ్గర్నించి డబ్ల్యూ ఎయిట్ బెన్ ఈ ఫారమ్ (అమెరికా బయటి కంపెనీ అని టాక్స్ కోసం రాసిచ్చేది) తీసుకోమని మా సీపీఏ చెప్పారు, అడగ్గానే పంపారు. వైర్ పంపితే మధ్య బ్యాంకులు కోసుకునే చార్జీలు ఎవరు భరించాలో కూడా రాసి ఉంది, లేకపోతే ప్రతి ఇన్వాయిస్ కీ పాతిక ముప్పై డాలర్ల దగ్గర మాట తేడాలొస్తాయి.

మాకు తెలిసిన ఒకాయన, ఇక్కడే మిఠాయి షాపు, పీఎం లేని చవక కొటేషన్ తీసుకుని వేరే కంపెనీకి ఇచ్చారు. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, పని వచ్చినవాళ్ళే. టెక్ లీడే కోడ్ రాయాలి, అతనే క్లయింట్ తో మాట్లాడాలి, అతనే జూనియర్లకి నేర్పాలి. మొదట్లో రోజూ మాట్లాడేవాడు, తర్వాత వారానికోసారి, తర్వాత అతను ఉద్యోగం మారిపోయాడు. ఏం మాట్లాడుకున్నారో ఎక్కడా రాసి లేదు, అన్నీ వాట్సాప్ వాయిస్ మెసేజ్ లే. కొత్తగా వచ్చిన అబ్బాయి మళ్ళీ మొదట్నించీ అడగడం మొదలుపెట్టాడు. ప్లే స్టోర్ అకౌంట్ కంపెనీ వాళ్ళ పేరు మీదే ఉంది. ఆయన పెట్టిన డబ్బు మా ప్రాజెక్ట్ మొత్తం ఖర్చు దాటిపోయింది, యాప్ ఇంకా రాలేదు. ఆయన బాధ చూశాకే ఈ రివ్యూ రాయాలని గట్టిగా అనిపించింది నాకు.

నచ్చనివి కూడా ఉన్నాయి. టెస్టింగ్ మొదట అంతా ఆండ్రాయిడ్ ఫోన్ల మీదే చేశారు, మా కస్టమర్లలో ఎక్కువమంది చేతుల్లో ఐఫోన్లు. ఐఫోన్ లో కార్ట్ బటన్ కీబోర్డ్ వెనక్కి వెళ్ళిపోయేది, అది మా క్యాషియర్ అమ్మాయి కనిపెట్టింది, వాళ్ళు కాదు. పీఎం మీద ఒకేసారి వేరే క్లయింట్ల ప్రాజెక్ట్ లు కూడా ఉన్నాయి, అది మాకు ముందు చెప్పలేదు. అన్నిటికన్నా పెద్దది, ఇంకొన్ని వారాల్లో అయిపోతుందనగా ఆ అమ్మాయిని ఇంకో పెద్ద క్లయింట్ కి మార్చేశారు. చాలా కోపమొచ్చింది. కొత్తగా వచ్చిన అతను మంచివాడే, ఆమె రాసిపెట్టిన నోట్స్, ఏ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో ఉన్న షీట్, పెండింగ్ ఉన్న రిస్క్ లు అన్నీ జీరా (పనుల లెక్క రాసుకునే సాఫ్ట్‌వేర్) లో ఉన్నాయి కాబట్టి తొందరగానే అందుకున్నాడు. అయినా అతనికి హాఫ్ ట్రే సంగతి మళ్ళీ వివరించాల్సొచ్చింది. ఆ ఒక స్టార్ తగ్గించింది ఇందుకే.

ఎవరైనా హైదరాబాద్ కో, వైజాగ్ కో, ఇంకెక్కడికో పని ఇద్దామనుకుంటే డెవలపర్ల గంట రేటు అడిగే ముందు పీఎం తో అరగంట మాట్లాడండి, సేల్స్ మేనేజర్ తో కాదు. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకి ఇచ్చే) సర్టిఫికెట్ ఉందా అని అడగడం మంచిదే, మూడేళ్ళకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్న గంటల లెక్క) చూపించి నిలబెట్టుకోవాలి కాబట్టి ఊరికే ఉండేది కాదు. కానీ నేనైతే ఇంకోటి కూడా అడుగుతాను, మీ పాత ప్రాజెక్ట్ లో ఏది లేటయింది, ఆ సంగతి క్లయింట్ కి ఎప్పుడు చెప్పారు అని. జవాబు చెప్పడానికి తడబడితే ఆలోచించుకోండి. మీ బిజినెస్ గురించి ఆ అరగంటలో వాళ్ళు అడిగిన ప్రశ్నలు ఎన్ని, అవి దేని మీద అన్నది చూడండి. పీఎం పేరు కాంట్రాక్ట్ లో రాయించండి, మార్చాలంటే కనీసం రెండు వారాలు ఇద్దరూ కలిసి పనిచేయాలి అని కూడా రాయించండి. మా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ లో ఇప్పుడు ఆ లైను చేర్పించుకున్నాం, లాయల్టీ పాయింట్ల పని సంక్రాంతి సెలవులయ్యాక మొదలవుతుంది, కొత్తతను నిన్నే ప్రశ్నల మెయిల్ పంపాడు, స్క్రీన్‌షాట్లతో.